మూడో అంతస్తు బల్ల

వికలాంగులు ఎవరో, కానివాళ్ళు ఎవరో తేల్చే ఆఫీసును మూడో అంతస్తులో పెట్టారు. వినేవాళ్ళు నమ్మరు గానీ నిజంగానే పెట్టారు. లిఫ్టు ఉంది. దాని తలుపుకు అడ్డంగా ఒక బెంచీ లాగి, బెంచీ మీద 'పనిచేయదు' అని రాసిన అట్టముక్క ఆనించారు. అట్ట మీద దుమ్ము పేరుకుపోయింది. నిన్నో మొన్నో చెడిపోయిన లిఫ్టు కాదది.

ఆ పొద్దున వరండాలో నిలబడటానికి చోటు లేదు. వచ్చినవాళ్ళలో నిలబడలేనివాళ్ళే ఎక్కువ కనుక నేల మీద కూర్చోవడానికీ చోటు లేదు. చూపు లేనివాళ్ళు గోడ పట్టుకుని ఉన్నారు. చక్రాల కుర్చీలు మెట్ల దాకా వచ్చి ఆగిపోయాయి. రెండు కాళ్ళూ చచ్చుబడిన ఒకావిడ అరచేతులకు చెప్పులు తొడుక్కుని మెట్ల మీద పాకుతోంది. ఆమె వెనక ముసలి తల్లి సంచీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, కాస్త ఓపిక పట్టమని బతిమాలుతోంది. వాచ్‌మన్ పైనుంచి చూసి, దిగేవాళ్ళకు దారి వదిలి ఒక పక్కగా పాకమన్నాడు. చెడ్డవాడేం కాదు. దారి చూడటమే అతనికి అప్పగించిన పని.

చూస్తున్న మేస్త్రికి కడుపు మండిపోయింది.

అతన్ని పేటలో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఒకప్పుడు ఇళ్ళు కట్టే ముఠాకు పెద్ద. పరంజా మీంచి పడి ఎడమకాలు మోకాలి దాకా పోయింది. పడిన రోజున నలుగురు అతన్ని స్లాబు కింద పరిచే సెంట్రింగ్ చెక్క మీద పడుకోబెట్టి, శవాన్ని మోసినట్టు మోసుకుపోయారు. కాలు పోయిన నొప్పి మరిచిపోయాడు గానీ ఆ మోత మరిచిపోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక, ఇంకెవరి చేతా ఎత్తించుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. స్నానాల గదిలో జారిపడితే భార్యను కూడా ముట్టుకోనివ్వలేదు. 'నాకు చేతనవును' అన్నది అతని ఊతపదం. చేతకాని పని చేసేటప్పుడు ఆ మాట ఇంకాస్త గట్టిగా అనేవాడు.

అతని పెన్షన్‌తోనే గది అద్దె కట్టేవాళ్ళు. భార్య బడిలో గదులు తుడిచి తెచ్చే జీతం తిండికి సరిపోతే గొప్ప. పెన్షన్ ఆగితే గది ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. అందుకే ఆ మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కారు.

పేట నుంచి వచ్చినవాళ్ళంతా ఆ రోజు తలలు నున్నగా దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. అధికారి ముందు అడుక్కునేవాళ్ళలా కనిపించకూడదన్నది వాళ్ళ పట్టుదల. కూలిజనానికి ఉన్న జబ్బే ఇది. ఒళ్ళు ఎంత చెడినా, చేతకాదని నోటితో ఒప్పుకోరు. ఒప్పుకుంటే మర్నాడు పనికి పిలవరని ఊహ తెలిసినప్పటినుంచీ నేర్చుకున్న జనం వాళ్ళు.

మేస్త్రి చుట్టూ చూశాడు. వికలాంగులకు తోడు వచ్చినవాళ్ళలో తన పాత ముఠావాళ్ళు చాలామంది కనిపించారు. స్లాబు వేసే రోజున వీళ్ళంతా నేల నుంచి పైకప్పు దాకా ఒకరి పక్కన ఒకరు నిలబడి, కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి పంపేవాళ్ళు. వరసలో ఉన్న మనిషి కదలడు. తట్ట మాత్రం ఎక్కుతూ పోతుంది.

"వరస కట్టండర్రా. ఇవాళ స్లాబు" అన్నాడు మేస్త్రి.

కూలివాళ్ళకు రెండో మాట చెప్పక్కర్లేదు. క్షణంలో మెట్ల పొడుగునా గోడవారగా నిలబడ్డారు. పాకుతున్న ఆవిడను మొదట ఎత్తారు. ఆమె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ, భయంతో మొదలుపెట్టి నవ్వుతో పైకి చేరింది. ఆ వెనక చక్రాల కుర్చీలు, కుర్చీల వెనక ముసలివాళ్ళు. కరెంటాయన పక్కనే నిలబడి వ్యాఖ్యానం చేశాడు. స్తంభం మీద తీగలు సవరిస్తూ షాకు కొట్టి మోచేతుల దాకా రెండు చేతులూ పోగొట్టుకున్నవాడు. మిగిలింది నోరు. దాన్ని మాత్రం బాగా వాడతాడు. "మెల్లిగా అందుకోండి, ఆవిడ సిమెంటు బస్తా కాదు, చినిగితే కుట్టలేం" అని అతను అంటుంటే మెట్లన్నీ నవ్వాయి. చాలా కాలానికి ఆ జనం తమని చూసి తాము గర్వపడ్డారు.

చివర్లో మేస్త్రి వంతు వచ్చింది. చేతులు చాపారు. అక్కర్లేదన్నాడు. చంకకర్రలు ఒకదాని తర్వాత ఒకటి మెట్టు మీద ఆనించి, మూడంతస్తులూ తనే ఎక్కాడు. రెండో అంతస్తుకే ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చంకల్లో చర్మం లేచిపోయింది. పైకి చేరాక, ముఖం తుడుచుకుని, ఊపిరి కుదురుకునేదాకా తలుపు బయట నిలబడి, అప్పుడు లోపలికి వెళ్ళాడు.

గదిలో పెద్ద బల్ల ఉంది. బల్ల వెనక డాక్టరు, పక్కన సూపర్‌వైజరు. ఇద్దరూ కంపెనీ మనుషులు. ఎవరి పెన్షన్ ఉంచాలో, ఎవరిది కొయ్యాలో తేల్చే పని ప్రభుత్వం ఒక కంపెనీకి కాంట్రాక్టుకు ఇచ్చింది. డాక్టరు చిన్నవయసువాడు. కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా, పైకి ఎలా వచ్చారని అడిగాడు.

"నడిచే వచ్చాను సార్."

"ఎవరైనా ఎత్తుకొచ్చారా?"

"నన్నెవరూ ఎత్తక్కర్లేదు సార్. నాకు చేతనవును."

డాక్టరు ఏదో నొక్కాడు. వెళ్ళొచ్చన్నాడు. కాలు చూపిద్దామని ప్యాంటు మడత విప్పబోయిన మేస్త్రి, మళ్ళీ మడిచి కట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళాక భార్యతో, డాక్టరు చాలా మర్యాదస్థుడని చెప్పాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు. టీ కొట్టులో టీవీలో మంత్రి కనిపించి, అర్హులకు అన్యాయం జరగదని, అనర్హులను మాత్రం ఏరేస్తామని చెప్పాడు. "బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరతారన్నమాట. రాళ్ళం మనమే కాబోలు" అన్నాడు కరెంటాయన. ఎవరూ నవ్వలేదు.

రోజుకో పుకారు పుట్టింది. సగం పెన్షనే ఇస్తారట. కాదు, మొత్తం తీసేసి ఒకేసారి ఏదో చేతిలో పెడతారట. ఫోను పట్టుకోగలిగినవాళ్ళు పని కూడా చేయగలరని రాసేస్తారట. ఇంట్లో ఫ్యాను ఉంటే పేరు కొట్టేస్తారని ఎవరో అంటే, ఒకావిడ ఉన్న ఒక్క ఫ్యానూ విప్పించి మంచం కింద దాచి, ఎండకు ఉడికిపోయింది. మెట్ల మీద పాకిన ఆవిడ, అందరూ ఆమెను చెల్లెమ్మ అంటారు, రోజూ గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరిగేది. ఎవరైనా ఫొటో తీసి పంపుతారేమోనని తలుపు మూసుకుని చీకట్లో తరగడం మొదలుపెట్టింది. పేటలో గట్టిగా నవ్వే మనిషి లేకుండా పోయాడు. నవ్వితే బాగానే ఉన్నారనుకుంటారని భయం. పక్కింటివాణ్ణి పక్కింటివాడు అనుమానంగా చూశాడు. ఫోను మోగితే ఎవరి గుండెలు వాళ్ళు పట్టుకున్నారు.

ఒకరోజు అన్ని ఫోన్లూ ఒకదాని వెనక ఒకటి మోగాయి. వరసలో చేతులు మారి పైకి చేరినవాళ్ళందరికీ, కర్రల మీద ఎక్కిన మేస్త్రికీ ఒకటే మాట వచ్చింది: మూడో అంతస్తుకు రాగలిగారు కనుక పెన్షన్‌కు అర్హులు కారు. ఆ రోజు రానివాళ్ళకు ఇంకో మాట వచ్చింది: హాజరు కాలేదు కనుక పెన్షన్ నిలిపివేశాం. కరెంటాయనకు ప్రత్యేకం. వేలిముద్ర సరిపోలలేదట. ఏ వేలో చెబితే వెతికి తెస్తానన్నాడు అతను. అని, టీ కొట్టు వెనక్కి వెళ్ళి, గోడకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి అతనికి ఇంకో మనిషి కావాలి.

మేస్త్రి తన ఫోనులో వచ్చింది భార్యకు చదివి వినిపించాడు. ఆమె నేల తుడిచి తుడిచి పగిలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"వరస కట్టించింది నువ్వు. సరే, అందరి మంచికే అనుకున్నావు. నిన్నెవరు ఎక్కమన్నారయ్యా?"

అతను ఫోను బోర్లా పెట్టాడు.

"చంకలు పుండ్లయ్యి, ఆ రాత్రి గోడవైపు తిరిగి ఏడిచావు. నాకు తెలియదనుకున్నావు. ఆ ఏడుపేదో ఆ డాక్టరు ముందు ఏడిస్తే మన గది మనకుండేది కదా."

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. పేటలోనూ ఎవరూ అతన్ని మొహం మీద తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎదురుపడితే పలకరించి, తొందరగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంకో అవకాశం ఇస్తున్నామని ప్రకటన వచ్చింది. అదే ఆఫీసు, అదే అంతస్తు, అదే అట్టముక్క. ఈసారి రానివాళ్ళ పేర్లు శాశ్వతంగా తీసేస్తామన్నారు. తోడు వచ్చినవాళ్ళు గేటు బయటే ఉండాలన్నారు. వరస కట్టకుండా ఆ ఏర్పాటు.

మొదటిసారి రానివాళ్ళలో సున్నం బాబాయి ఒకడు. బట్టీలో సున్నం కాల్చి, గోడలకు సున్నం కొట్టి, ఆ పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న పెద్దమనిషి. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినిపిస్తుంది. చూడటానికి కాళ్ళూ చేతులూ అన్నీ బాగుంటాయి. అదే అతని ఖర్మ. మొదటిసారి దగ్గు తెరలు ఆగక మంచం దిగలేదు. ఈసారి భార్య గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమెను మేస్త్రి పిన్ని అంటాడు. ఆమె బాబాయి చొక్కా గుండీలు సరిచేసి, లోపలికి పంపి, గేటు ఊచలు పట్టుకుని నిలబడింది.

మెట్ల కింద జనమంతా ఎటూ తేల్చుకోలేక కూర్చున్నారు. ఎక్కితే పెన్షన్ పోతుంది. ఎక్కకపోయినా పోతుంది. సూపర్‌వైజరు మొదటి మలుపు దాకా దిగివచ్చి పేర్లు పిలుస్తున్నాడు. బాబాయి పేరు వచ్చింది.

"బాబూ, నేను ఎక్కలేను. ఆ డాక్టరుగారినే ఒక్కసారి కిందికి రమ్మనండి. ఛాతీ మీద చెవి పెడితే చాలు, ఆయనకే తెలుస్తుంది" అన్నాడు బాబాయి.

సూపర్‌వైజరు జనాన్ని కలయజూశాడు. మేస్త్రి మీద చూపు ఆగింది.

"ఆయన్ను చూడు పెద్దాయనా. ఒంటికాలు. ఎవరి సాయం లేకుండా మూడంతస్తులు ఎక్కాడు. నీకు రెండు కాళ్ళున్నాయి కదా."

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. ఎక్కి నేనేం బావుకున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎక్కలేక ఎక్కాను, ఎక్కి ఇంతమంది కొంప ముంచాను అంటే సరిపోయేది. కానీ ఇంతమందిలో నాకు చేతకాలేదని చెప్పడానికి ఆ దిక్కుమాలిన నోరు తెరుచుకోలేదు. మేస్త్రి తల దించుకున్నాడు.

బాబాయి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "మేస్త్రి ఎక్కగా లేంది నేనెక్కలేనా" అని తనలో తను అనుకుంటున్నట్టు అని, కమ్మీ పట్టుకున్నాడు.

ఈల ఒక్కటే వినిపిస్తోంది. మెట్ల మలుపు తిరిగాక మనిషి కనిపించలేదు, ఈల మాత్రం పైకి పోతూనే ఉంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఆ తర్వాత ఎంత చెవులు రిక్కించినా వినిపించలేదు.

పైన సూపర్‌వైజరు బాబాయి పేరు మరోసారి పిలిచాడు. జవాబు రాలేదు. గైర్హాజరు అన్నాడు. బాబాయి రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య, గోడకు జారగిలబడి, నోరు తెరుచుకుని ఉన్నాడు.

గేటు ఆగలేదు. బయట ఉన్న ముఠావాళ్ళు తోసుకుని లోపలికి వచ్చారు. ఎవరూ చెప్పలేదు, మెట్ల పొడుగునా వాళ్ళే నిలబడ్డారు. ఎన్నో స్లాబులు వేసిన చేతులు. తట్టలు పైకి పంపడమే తప్ప మనిషిని కిందికి దించడం వాళ్ళకు అదే మొదలు. బాబాయి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ, ఎక్కడా తగలకుండా, నెమ్మదిగా దిగాడు. ఆఖరి మెట్టు దగ్గర మేస్త్రి ఉన్నాడు. చంకకర్రలు పట్టుకుంటే చేతులు ఖాళీగా ఉండవు. కర్రలు అవతల పారేసి, గోడకు వీపు ఆనించి, బాబాయి తలను రెండు చేతులతో అందుకున్నాడు. జుట్టులో ఇంకా సున్నం వాసన వస్తోంది. మేస్త్రి అందరి ముందూ ఏడ్చాడు.

బాబాయి పోవడంతో మధ్యలో ఆగిన తనిఖీని ఆఖరిసారిగా మళ్ళీ పెడతామని కంపెనీ చెప్పింది. బాబాయిని సాగనంపిన మర్నాడు సాయంత్రం, పిన్ని గది ముందు సందులో జనం కూడారు. భవన కార్మికుల సంఘం నుంచి ఒకావిడ వచ్చింది. అందరికీ ఆమె సంఘం అక్క. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉంటుంది. పై అధికారులకు విన్నపం ఇద్దామంది. కోర్టుకు పోదామంది. కోర్టు తేల్చేలోపు మేమంతా బాబాయి దగ్గరికి పోతామని ఎవరో వెనక నుంచి అన్నారు. ఆమె కోప్పడలేదు. అవును, నాకూ వేరే దారి తోచడం లేదు, మీరే చెప్పండి అని గట్టు మీద కూర్చుంది.

ఒకతను లేచి, మనం ఇస్త్రీ బట్టలు వేసుకుని పోవడమే తప్పన్నాడు. ఈసారి చినిగిన బట్టలతో, స్నానం చేయకుండా, నోట్లోంచి చొంగ కార్చుకుంటూ పోదాం, ఎలా పడిపోవాలో, ఎలా ఏడవాలో ముందే నేర్చుకుందాం అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. పిల్లలున్నవాడు. కొందరు తల ఊపారు కూడా.

చెల్లెమ్మ నేల మీద నుంచి మాట్లాడింది. "నేను పుట్టినప్పటినుంచీ పాకుతున్నాను అన్నా. అది చాలలేదా వాళ్ళకి? ఇంకా నటించాలా?"

గొడవ ముదిరింది. మాటా మాటా పెరిగింది. పరువు కూడు పెడుతుందా అని ఒకరు, కూడు కోసం పరువు కూడా వాళ్ళకే ఇచ్చేద్దామా అని ఇంకొకరు. కంపెనీని వదిలేసి పేటవాళ్ళు పేటవాళ్ళ మీదే పడ్డారు. పైనున్నవాళ్ళకు కావలసింది సరిగ్గా అదే.

మేస్త్రి గోడ పట్టుకుని లేచాడు. గొడవ మెల్లగా సద్దుమణిగింది.

"బాబాయిని చంపింది నేను" అన్నాడు.

ఆ మాట అనొద్దని సంఘం అక్క చెయ్యెత్తింది. అతను వినలేదు.

"కంపెనీ చంపింది, సర్కారు చంపింది. నిజమే. కానీ వాళ్ళ చేతికి కర్ర అందించింది నేను. నాకు చేతకాదు అని ఒక్క మాట అనలేకపోయాను. మనందరి జబ్బూ అదేరా. ఒళ్ళు ఇరగ్గొట్టుకుని ఊరికి ఇళ్ళు కట్టాం. ఇరిగిందని చెప్పడానికి మాత్రం సిగ్గు. సిగ్గు మనకెందుకు? ఇరగ్గొట్టినవాళ్ళకు లేదే. చినిగిన బట్టలొద్దు, చొంగలొద్దు. మంచి బట్టలే వేసుకుని పోదాం. పోయి, ఎక్కలేమని చెబుదాం. అందరం కలిసి చెబుదాం."

"చెబితే? గైర్హాజరు అంటారు" అన్నాడు కరెంటాయన.

సందంతా మళ్ళీ నీరుగారిపోయింది. ఇంతసేపూ గుమ్మంలో చతికిలబడి ఉన్న పిన్ని అప్పుడు నోరు విప్పింది. "ఆయన కూడా అదే అడిగాడు. ఒక్కసారి కిందికి వచ్చి చూడమన్నాడు" అంది. ఎవరితోనో చెబుతున్నట్టు లేదు.

ఆమె పక్కన కూర్చున్న మేస్త్రి భార్య, పగిలిన అరచేతులు చూసుకుంటూ, నెమ్మదిగా అంది.

"బాబాయి అంత మనిషిని మీరు దెబ్బ తగలకుండా దించారు కదా. ఆ బల్ల దిగదా?"

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత మేస్త్రి ముఠావాళ్ళలో ఒకడు నవ్వాడు. బాబాయి పోయాక పేటలో వినిపించిన మొదటి నవ్వు అది.

ఆఖరి తనిఖీ రోజున పొద్దున్నే ఆఫీసు తలుపులు తీసేసరికి వరండా నిండిపోయింది. పక్క పేటలనుంచి కూడా వచ్చారు. కాలేజీ పిల్లలు కొందరు సంఘం అక్కతో వచ్చారు. అందరూ తలలు దువ్వుకుని, ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. మెట్ల మీద మాత్రం ఒక్క వికలాంగుడూ లేడు. మెట్ల మీద నిలబడింది ముఠావాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. కింద నుంచి మూడో అంతస్తు తలుపు దాకా, మనిషి పక్కన మనిషి. వాచ్‌మన్ ఒకసారి చూసి, బాబాయి పోయిన మలుపు వైపు ఒకసారి చూసి, గేటు దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

సూపర్‌వైజరు మొదటి పేరు పిలిచాడు. కింద నుంచి జవాబు వచ్చింది: ఉన్నాను, ఎక్కలేను. రెండో పేరు పిలిచాడు. ఉన్నాను, ఎక్కలేను. మూడో పేరుకూ అదే. పేరు పేరుకూ అదే మాట వరండాలోంచి మెట్ల మీదుగా పైకి పోయింది. రానివాళ్ళంతా గైర్హాజరేనని అతను అరిచాడు.

అప్పుడు మేస్త్రి భార్య పైగదిలోకి వెళ్ళి, డాక్టరు ముందు నిలబడింది.

"లేవండి బాబూ. కుర్చీ కిందికి వెళ్తోంది."

డాక్టరు లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. బహుశా ఆమె అంత మామూలుగా అడగడం వల్ల కావచ్చు. సూపర్‌వైజరు కంప్యూటరును రెండు చేతులా కౌగిలించుకున్నాడు. దాన్ని ఎవరూ అడగలేదు.

కింద మేస్త్రి చంకకర్రల మీద ముందుకు వంగి, గొంతు సవరించుకున్నాడు. పరంజా మీంచి పడ్డాక ఆ గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు.

"అందుకో..."

"అందించు" అన్నాయి మెట్లు.

మొదట కుర్చీ దిగింది. బరువు చూసే మిషను దిగింది. బల్ల మలుపుల దగ్గర కాస్త మొరాయించింది గానీ, సెంట్రింగ్ చెక్కలు దించినవాళ్ళకు అదో లెక్క కాదు, నిలబెట్టి తిప్పారు. ఒక్క గీత పడలేదు. మేస్త్రి భార్య పైనుంచే కేకేసింది, జాగ్రత్త, మన డబ్బుతో కొన్న బల్ల అని. వరండా మధ్యలో, సరిగ్గా బాబాయిని పడుకోబెట్టిన చోట బల్ల వేసి, వెనక కుర్చీ వేశారు. బల్ల వెంట డాక్టరు కూడా దిగివచ్చాడు, పెంపుడు జీవంలా. దిగాక ఎక్కడ నిలబడాలో తెలియక వెళ్ళి కుర్చీలోనే కూర్చున్నాడు.

"మేం హాజరయ్యాం సార్. చూడండి" అన్నాడు మేస్త్రి.

ప్యాంటు మడత విప్పాడు. డాక్టరు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాపి, మోకాలి దగ్గర కుట్లు పడిన చోట తాకాడు. అక్కడి నుంచి చంకల దాకా చూశాడు. మానని పుండ్లు చూసి, ఇవి ఎప్పటివని అడిగాడు. మీ మెట్లు ఎక్కిన రోజువని చెప్పాడు మేస్త్రి. డాక్టరు తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. చెల్లెమ్మను చూశాడు. కరెంటాయనను చూశాడు. జనం తోసుకోలేదు, అరవలేదు. ఒకరి తర్వాత ఒకరు బల్ల దగ్గరికి వచ్చారు. ఆ రోజే ఇలా జరిగి ఉంటే బాబాయి బతికేవాడు కదా అని ప్రతివాడికీ అనిపించింది. పిన్నికి అనిపించి, మొహం కప్పుకుంది.

పైనుంచి సూపర్‌వైజరు వంగి, కింద రాసింది ఏదీ చెల్లదని, కంప్యూటరు ఆపేశానని, డాక్టరు ఉద్యోగం కూడా ఊడినట్టేనని చెప్పాడు. డాక్టరు కలం ఆగింది. ఆ కుర్రవాడి మొహం చూస్తే జాలేసింది. ఇంట్లో అతనికీ అద్దె ఉండే ఉంటుంది. రాయనూ లేదు, లేచి పోనూ లేదు.

అంతలో పోలీసు వ్యాను వచ్చి గేటు లోపల ఆగింది. ప్రభుత్వ ఆస్తిని ఎత్తుకుపోయారని ఫిర్యాదు. మూడో అంతస్తు మీదికి దౌర్జన్యంగా ఎక్కి, బల్లలూ కుర్చీలూ మోసుకుపోయారట, వికలాంగులు. ఎస్సై నాయకుడెవరని అడిగాడు. సంఘం అక్క ముందుకు రాబోయింది. మేస్త్రి ఆమెను దాటి నిలబడ్డాడు.

"బల్ల దించమన్నది నేను."

"అయితే ఎక్కు వ్యాను."

వ్యాను మెట్టు నేలకు చాలా ఎత్తులో ఉంది. మేస్త్రి దానివైపు చూశాడు. చంకకర్ర ఒకటి ఆనించి, చేత్తో కమ్మీ పట్టుకుని, ఒళ్ళు ఎగరేస్తే ఎక్కేయగలడు. పుండ్లు చిట్లుతాయి, అంతే. ఇన్నాళ్ళూ అలాగే బతికాడు. చేతులు అలవాటుగా కర్రల మీద బిగుసుకున్నాయి కూడా.

"ఎక్కుతాడు సార్. మూడంతస్తులు ఎక్కినవాడు. మా దగ్గర రికార్డు ఉంది" అన్నాడు దిగివచ్చిన సూపర్‌వైజరు.

మేస్త్రి భార్య కళ్ళార్పకుండా భర్తనే చూస్తోంది. మేస్త్రి ఒక కర్ర నేల మీద పెట్టాడు. రెండోది దాని పక్కన పెట్టాడు. నెమ్మదిగా కిందికి కూలబడ్డాడు.

"నాకు చేతకాదు సార్" అన్నాడు. మళ్ళీ అన్నాడు, వరండా అంతా వినేలా. "నాకు చేతకాదు. నలుగురు మోయాలి."

ఎస్సై తిట్టాడు. ఒక కానిస్టేబుల్ చొక్కా పట్టి లాగాడు. చొక్కా చినిగింది గానీ మనిషి లేవలేదు. చివరికి నలుగురు కానిస్టేబుళ్ళు వంగారు. చంకల కింద చేతులు పడగానే మేస్త్రి పళ్ళ బిగువున అరుపు ఆపుకున్నాడు. సెంట్రింగ్ చెక్క మీద పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కళ్ళు మూసుకున్నాడు. ఈ రోజు తెరిచే ఉంచాడు.

అతను గాల్లో ఉండగానే కరెంటాయన వచ్చి ఖాళీ అయిన చోట కూర్చున్నాడు. "నేను కమ్మీ పట్టుకోలేనండి. నన్నూ ఎత్తాల్సిందే" అన్నాడు. అతని పక్కన చెల్లెమ్మ చేరింది, చెప్పులు తొడుక్కున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని. చక్రాల కుర్చీల్లోంచి ఒక్కొక్కరే నేలకు దిగారు. మంచి బట్టలకు దుమ్ము అంటుతుందని ఎవరూ చూసుకోలేదు. పిన్ని వచ్చి కూర్చుంది. నీకేం రోగమమ్మా, కాళ్ళు బాగానే ఉన్నాయి కదా అన్నాడు కానిస్టేబుల్. "మా ఆయనవీ బాగానే ఉండేవి నాయనా" అంది ఆమె. మేస్త్రి భార్య కూర్చుంది. వరసలో నిలబడ్డ ముఠావాళ్ళు మెట్ల మీదే కూర్చున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ కాసేపు తటపటాయించి, టోపీ తీసి పక్కన పెట్టి, అతనూ కూర్చున్నాడు.

ఎక్కలేను అన్న మాట వరండా అంతా తిరిగింది. వ్యాను లోపల నేల మీద పడి ఉన్న మేస్త్రికి అది వినిపించింది. నలుగురు కానిస్టేబుళ్ళూ నడుములు పట్టుకుని రొప్పుతున్నారు. బల్ల వెనక డాక్టరు మళ్ళీ కలం తీశాడు. ఎస్సై జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసి, ఇంకో వ్యాను పంపమని, వ్యానుతోపాటు మోసే మనుషుల్ని కూడా పంపమని ఫోను చేశాడు.